పాముకాటు - రక్తప్రసారము

కోయిలకుంట్ల ప్రాంతపు నల్లరేగడి చేలలో పాము కరచినచో, కాటుకు పైన త్రాడు బిగించి కట్టు అలవాటు పలుచోట్ల నేటికిని కలదు. కట్టువారి ఉద్దేశము మంచిదే. కాని ఆ కట్టు ఏమి చేయునో పంచాయతీ సభ్యులు తెలిసికొనవలెను.

పెద్దవారి దేహములో సుమారు 5 లీటర్ల రక్తముండును. గుండె దానిని ధమనులలోనికి నెట్టును. సుంకేసుల వద్ద బయలుదేరు కర్నూలు-కడప కాలువ పిల్లకాలువలుగా చీలి పొలములకు చేరునట్లు, ధమనులు చీలిచీలి వెండ్రుకకంటె సన్నని కేశనాళికలగును. అచ్చట కండకు ప్రాణవాయువు నొసగి రక్తము సిరలద్వారా గుండెకు మరలును. కాలువనీరు తిరిగి సుంకేసులకు రాదు. రక్తము మాత్రము ఇంచుమించు ఒక్క నిమిషములో చుట్టివచ్చును.

ఈ సంగతిని విలియం హార్వే అను ఆంగ్ల వైద్యుడు 1628లో ప్రకటించెను. ఆయన చూపిన నిదర్శనములలో చేతికట్టు ఒకటి. కొంచెము బిగించినచో సిరలుబ్బెను. మిక్కిలి బిగించినచో నాడి ఆగి చేయి చల్లబడెను.

మన త్రాడు చేయునదియు ఇదే. రక్తమందని కండ చచ్చును. కాలు తీసివేయవలసి రావచ్చును. రక్తపింజర విషము రక్తమును గడ్డకట్టనీయదు గనుక కాటుపై కత్తిగాటు పెట్టుట మరింత ప్రమాదము.

కడియములు, ఉంగరములు తీసివేసి, కరచిన అవయవమును బద్దతో కదలకుండ నిలిపి, రోగిని నడిపింపక ప్రభుత్వాసుపత్రికి చేర్పవలెను. విరుగుడు అచ్చటి సూదిమందే. అప్పటికే బిగించి కట్టియున్నచో వైద్యుని ఎదుటనే విప్పవలెను. 108 బండి ఆలస్యమైనచో రాత్రివేళ ఎవరి వాహనము వచ్చునో ముందే నిర్ణయించి, ఆ ఫోను నంబరు పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.