కొంగల ఫొటోలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: చెరువులో తెల్లకొంగను తీస్తే ఈకలు కనబడక, తెల్లటి ముద్దలా వస్తోంది. ఎందుకు?

జవాబు: ఫ్రేములో ముదురు నీళ్లు ఎక్కువ, కొంగ తక్కువ. కెమెరా మీటరు ఆ దృశ్యాన్ని చీకటిగా లెక్కగట్టి ఎక్స్‌పోజర్ పెంచుతుంది. కాంపెన్సేషన్‌ను మైనస్ 0.7 నుంచి మైనస్ 1 స్టాప్ దాకా తగ్గించి, హిస్టోగ్రామ్ కుడి అంచుకు తగలకుండా చూసుకోవాలి. రా ఫైల్ అయితే నీడలను తర్వాత వెలిగించవచ్చు. పూర్తిగా తెల్లబోయిన ఈకల్లో గీతలను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ప్రశ్న: పక్షి పెద్దగా కనబడాలంటే ఎంతవరకు క్రాప్ చేయాలి?

జవాబు: కాళ్లు పోనంతవరకు. నీళ్లలో నడిచి మేసే పక్షికి కాళ్లూ ముక్కే బతుకుతెరువు. చిన్న తెల్లకొంగ తన పసుపు పాదంతో బురదను కదిపి, బెదిరి బయటికొచ్చిన చేపను పొడుస్తుంది. తెడ్డుమూతి కొంగ ముక్కును నీళ్లలో అటూ ఇటూ తిప్పుతూ మేస్తుంది. పెయింటెడ్ స్టార్క్ సగం తెరిచిన ముక్కును నీళ్లలో ఉంచి, చేప తగలగానే మూసేస్తుంది. కాలు నీటిని తాకే చోటు, ముక్కు మునిగే చోటు ఫ్రేములో లేకపోతే ఆ పక్షి ఏం చేస్తోందో ఫొటో చెప్పలేదు.

ప్రతిబింబం స్పష్టంగా ఉంటే ముక్కు కొస దాకా మొత్తం ఉంచాలి. సగం తల తెగిన ప్రతిబింబం కంటే అసలు లేకపోవడమే నయం. పక్షి చూసే వైపు ఖాళీ ఎక్కువ ఉండాలి. ఎడిటింగ్‌లో మొదటి పని నీటి గీతను సమంగా నిలపడం. ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 సెకను దగ్గర పెట్టి, రెక్కల చుట్టూ చోటు వదిలి తీయాలి. తెగిపోయిన రెక్క కొసను తర్వాత అతికించలేరు. గట్టు మీద నిలబడి కిందికి తీస్తే పక్షి బురదలో కలిసిపోతుంది. లెన్స్ నీటి మట్టానికి దగ్గరగా ఉంటే వెనక దృశ్యం దూరమై మసకబారుతుంది, పక్షి విడిగా నిలుస్తుంది.

ప్రశ్న: అడ్డొచ్చిన రెల్లు పుల్లను, కాలికున్న రింగును చెరిపేయవచ్చా?

జవాబు: నేచర్ విభాగం పోటీలకు కుదరదు. పీఎస్ఏ, ఎఫ్ఐఏపీ, ఆర్‌పీఎస్ అనే ఫొటోగ్రఫీ సంస్థల ఉమ్మడి నిర్వచనం ప్రకారం క్రాప్ తప్ప, ఉన్నదాన్ని తీసేయడం, లేనిది చేర్చడం, చోటు మార్చడం నిషిద్ధం. శాస్త్రవేత్తలు వేసిన రింగుకు అభ్యంతరం లేదు. అది ఆ పక్షి ప్రయాణానికి ఆధారం కాబట్టి చెరపకూడదు.

ప్రశ్న: పులికాట్ సరస్సులోని ఫ్లెమింగోలు పాలిపోయి కనిపిస్తున్నాయి. గులాబీ రంగు పెంచవచ్చా?

జవాబు: వద్దు, పాలిపోయి ఉండటం సహజమే కావచ్చు. ఆ గులాబీ రంగు తిండిలోని కెరోటినాయిడ్ల వల్ల వచ్చేది, పిల్ల ఫ్లెమింగోలు బూడిద రంగులోనే ఉంటాయి.

ప్రశ్న: నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్లను దగ్గర నుంచి తీయడమెలా?

జవాబు: దగ్గరికి వెళ్లకూడదు. తల్లి పక్షి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. అభయారణ్యంలో ఫొటోగ్రఫీకి 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అనుమతి అవసరం. మేత ఆపి, మెడ నిక్కించి చూస్తోందంటే పక్షి బెదిరిందని అర్థం. వెంటనే వెనక్కి తగ్గాలి. ఎగిరే దృశ్యం కోసం గుంపును తరమడం అన్నిటికంటే పెద్ద తప్పు. అలా తీసిన ఫొటో ఎంత అందంగా ఉన్నా పోటీకి పంపవద్దు, ఎవరైనా పంపితే మెచ్చుకోవద్దు.