పాత ట్రాక్టరులో ఆల్టర్నేటరు లోపమును గుర్తించు విధానము

దమ్ముల కాలములో సాయంకాలము వరకు చక్కగా నడచిన పాత ట్రాక్టరు, మరునాటి యుదయమున సెల్ఫు త్రిప్పగా ‘టక్కు’మని యూరకుండుట పెక్కు రైతుల యనుభవములో నున్నదే. అట్టి సమయమున రైతు బ్యాటరీ చెడినదని తలంచి పట్టణమునకు పోయి క్రొత్తది కొని తెచ్చును. ఆ దినమున ట్రాక్టరు నడచును. కొలది దినములలో క్రొత్త బ్యాటరీయు నట్లే ఖాళీ యగును. ఇంతలో మడిలో కట్టిన నీరు ఇంకును, నారు ముదురును, నాట్లకు పిలిచిన కూలీలు వేరొకరి పొలమునకు పోవుదురు. బ్యాటరీని నింపవలసిన ఆల్టర్నేటరును పరీక్షింపకయే బ్యాటరీని మార్చుట ఈ నష్టమునకు కారణము. లోపమెచ్చట నున్నదో కనుగొనుటకు అరగంట కాలమును, చిన్న మల్టీమీటరును చాలును.

ఆల్టర్నేటరు చేయు పని

ఆల్టర్నేటరును పలుచోట్ల డైనమో యనియే పిలుతురు. ఇంజను దీనిని బెల్టు మూలమున త్రిప్పును. లోపల తిరుగు తీగచుట్టకు బ్రష్షుల ద్వారా కొద్దిపాటి విద్యుత్తు అందగా, అది అయస్కాంతమై, చుట్టునున్న స్థిరమైన తీగచుట్టలలో విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు దిశ మార్చుకొనుచుండును గనుక, డయోడులు దానిని బ్యాటరీకి పనికివచ్చునట్లు ఒకే దిశకు మరల్చును. వోల్టేజి హద్దు మీరకుండ రెగ్యులేటరు కాపాడును. బెల్టు, బ్రష్షులు, తీగచుట్టలు, డయోడులు, రెగ్యులేటరు, వైరులు అను వీనిలో ఏ యొక్కటి చెడినను బ్యాటరీ సరిగా నిండదు.

పాత ట్రాక్టరులోని డీజిలు ఇంజనుకు పెట్రోలు బండికివలె నిప్పురవ్వ అక్కరలేదు. ఒకసారి నడచుట మొదలిడిన పిమ్మట అది సాధారణముగా విద్యుత్తు లేకయే నడచును. కావున ఆల్టర్నేటరు చెడినను పగటి దుక్కిలో ఏ లోపమును కానరాదు. రాత్రి దీపములు వెలిగించినపుడో, మరునాడు సెల్ఫు త్రిప్పినపుడో మాత్రమే అది బయటపడును. కొందరు రైతులు బండిని వాలులో నిలిపి, దొర్లించి నడపుకొనుచు దినములు గడుపుదురు. ఇందువలన లోపము మరుగుపడి పెరుగును. అంతియేగాక వాలున నిలిపిన బండి తనంతట దొర్లి ప్రాణాపాయము కలిగింపవచ్చును.

ముందుగా కానవచ్చు గుర్తులు

ఇంజను వేగము తగ్గినపుడు దీపములు మిక్కిలి మసకబారుట, బెల్టు కీచుమని యరచుట, ఆల్టర్నేటరు నుండి గరగర ధ్వని వచ్చుట, మాడిన వాసన కొట్టుట, బండి నడచుచుండగా ఎఱ్ఱని చార్జింగు దీపము వెలుగుట అనునవి ఆల్టర్నేటరు లోపమునకు సూచనలు. ఏంపియరు మీటరు గల బండ్లలో, దీపములు వేసి ఇంజనును మధ్య వేగమున నడపుచుండగా ముల్లు తగ్గుదల వైపే నిలిచియున్నచో బ్యాటరీ నిండుట లేదని గ్రహింపవలెను. దీనికి విరుద్ధముగా, బ్యాటరీలోని నీరు మాటిమాటికి తగ్గుటయు, బల్బులు తరచుగా మాడుటయు జరిగినచో, రెగ్యులేటరు చెడి విద్యుత్తు మితిమీరి వచ్చుచున్నదని యనుమానింపవలెను.

పరీక్షించు క్రమము

ఖర్చు లేని పరీక్షలు ముందుగను, విప్పవలసినవి వెనుకను జరుపవలెను. ఈ క్రింది కొలతలు 12 వోల్టుల బ్యాటరీ గల బండ్లకు వర్తించును.

1. బెల్టు: ఇంజనును ఆపి చూడవలెను. నడుమ బొటనవ్రేలితో నొక్కినపుడు బెల్టు సుమారు 10 నుండి 15 మిల్లీమీటర్లు మాత్రమే లోనికి పోవలెను. వదులుగా నున్నయెడల బిగింపవలెను. మితిమీరి బిగించినచో బేరింగులు అరుగును. దమ్ములో బురదయు, నూర్పిడిలో పొట్టును చేరి బెల్టు లోపలి ప్రక్క అద్దమువలె నునుపెక్కినను, పగుళ్లు వారినను మార్చవలెను.

2. బ్యాటరీ కొనలు: తెల్లని లేక పచ్చని పొడి పట్టినచో ముందుగా నెగటివు వైరును, పిమ్మట పాజిటివు వైరును విప్పి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, గరుకు కాగితముతో రుద్ది ఆరనిచ్చి బిగింపవలెను. బిగించునపుడు నెగటివు వైరు చివరిది కావలెను. కడుగు నీరు బ్యాటరీ లోనికి పోనీయరాదు.

3. చార్జింగు దీపము: కీ త్రిప్పగనే ఈ దీపము వెలిగి, ఇంజను నడువగనే ఆరవలెను. కీ త్రిప్పినను వెలుగనిచో బల్బు మాడియుండును, లేక వైరు తెగియుండును. పెక్కు ఆల్టర్నేటరులకు తొలి విద్యుత్తు ఈ బల్బు ద్వారానే అందును గనుక, చిన్న బల్బు మాడినంతనే ఆల్టర్నేటరు పని మొదలిడక పోవచ్చును. ఈ యొక్క బల్బును చూడకపోవుటచే బాగుగా నున్న ఆల్టర్నేటరు మరమ్మతునకు పోవుట కలదు.

4. నిలకడ వోల్టేజి: ఇంజను ఆపిన కొన్ని గంటలకు బ్యాటరీ రెండు కొనలపై మీటరు నుంచి చూడవలెను. 12.6 వోల్టులు చూపినచో బ్యాటరీ నిండుగా నున్నది, 12.2 చూపినచో సుమారు సగమున్నది. 12 కంటె తక్కువైనచో దాదాపు ఖాళీ. ఖాళీ బ్యాటరీని బయట చార్జరుతో నింపిన పిదపనే తక్కిన పరీక్షలు చేయవలెను. నిండిన బ్యాటరీ, సెల్ఫు త్రిప్పునపుడు 9.6 వోల్టులకు దిగువకు పడిపోయినచో సాధారణముగా లోపము బ్యాటరీదే.

5. నడక వోల్టేజి: ఇంజనును మధ్య వేగమున నడపుచు మరల అదే చోట చూడవలెను. 13.8 నుండి 14.5 వరకు చూపినచో ఆల్టర్నేటరు బాగుగా నున్నది. దీపములన్నియు వేసినను 13 దాటి నిలువవలెను. నిలకడ వోల్టేజి నుండి యేమియు పెరగకున్నను, క్రమముగా తగ్గుచున్నను బ్యాటరీకి చార్జి అందుట లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. చల్లగా నున్నపుడు బాగుండి వేడెక్కిన పిమ్మట చెడు ఆల్టర్నేటరులు కలవు గనుక, అరగంట నడపి మరల చూడవలెను.

6. వైరులు: దీపములు వేసి ఇంజను నడచుచుండగా, మీటరు ఒక కొనను ఆల్టర్నేటరు వెనుకనున్న లావు వైరు బోల్టుపైనను, రెండవ కొనను బ్యాటరీ పాజిటివుపైనను ఉంచవలెను. అర వోల్టు కంటె నెక్కువ తేడా చూపినచో ఆల్టర్నేటరు కాదు, వైరు లేక దాని బిగింపు చెడినది. అట్లే ఆల్టర్నేటరు ఒంటికిని బ్యాటరీ నెగటివుకును నడుమ 0.2 వోల్టు కంటె నెక్కువ చూపినచో ఎర్తు సరిగా లేదు. ఎలుకలు కొరికిన వైరులను, తుప్పుపట్టిన బోల్టులను వెదకి బాగుచేయవలెను.

7. డయోడులు: పగలు బాగుగా నిండిన బ్యాటరీ రాత్రి నిలిపియుంచినంతనే ఖాళీ యగుచున్నచో, చెడిన డయోడు ద్వారా విద్యుత్తు వెనుకకు పారుచుండవచ్చును. ఇంజను ఆగిన చాల గంటలకును ఆల్టర్నేటరు వెచ్చగా నుండుట దీనికి గుర్తు. రూఢిచేసికొనుటకు, బ్యాటరీ నెగటివును విప్పి, ఆల్టర్నేటరు లావు వైరును ఊడదీసి, దాని కొనకు టేపు చుట్టి, నెగటివును మరల బిగించి ఒక రాత్రి ఉంచవలెను. ఉదయమున బ్యాటరీ నిండుగా నున్నచో దోషము ఆల్టర్నేటరుదే. వైరును నెగటివు విప్పిన పిమ్మటనే తిరిగి తగిలింపవలెను.

చేయరాని పనులు

ఇంజను నడచుచుండగా బ్యాటరీ వైరును పెరికి, ‘బండి ఆగలేదు గనుక డైనమో మంచిదే’ యని తీర్పు చెప్పు అలవాటు నేటికిని కొందరిలో కలదు. ఇది తప్పు. డీజిలు ఇంజను ఆల్టర్నేటరు చెడినను ఆగదు గనుక ఈ పరీక్ష ఏమియు తెలుపదు. పైగా బ్యాటరీ ఆధారము తప్పగనే వోల్టేజి ఒక్కసారిగా పెరిగి డయోడులు, రెగ్యులేటరు కాలిపోవచ్చును. మంచి ఆల్టర్నేటరు పరీక్షలోనే చెడును.

బ్యాటరీ వైరులను తారుమారుగా తగిలింపరాదు. క్షణములో డయోడులు పోవును. బండికి వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ వైరులను, ఆల్టర్నేటరు వైరులను ముందుగా విప్పవలెను. నిండుచున్న బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును గనుక దాని దగ్గర బీడీ గాని దీపము గాని ఉండరాదు. తిరుగుచున్న బెల్టు దగ్గరకు పంచెకొంగు, తువాలు పోనీయరాదు.

మరమ్మతునకు ఇచ్చునపుడు

పై పరీక్షలలో బెల్టు, కొనలు, బల్బు, వైరులు సరిగా నుండి, నడక వోల్టేజి మాత్రము పెరగనిచో ఆల్టర్నేటరును విప్పించవలెను. అప్పుడును మొత్తము మార్చుట తప్పనిసరి కాదు. అరిగిన బ్రష్షులు, బేరింగులు, రెగ్యులేటరు, డయోడు పలక అనునవి పెక్కు రకములలో విడివిడిగా మార్చదగినవి. రైతు తాను చూచిన నిలకడ వోల్టేజిని, నడక వోల్టేజిని కాగితముపై వ్రాసికొని పోయినచో మెకానిక్కు నేరుగా లోపముపైకి పోగలడు. రైతును అనవసరపు ఖర్చు నుండి తప్పించుకొనగలడు. మరమ్మతు పిదప అదే కొలతలను మరల చూచి, 13.8 దాటినదని తెలిసికొనిన మీదటనే సొమ్ము చెల్లించుట మేలు.

ఈ పరీక్షలను ఏటేట దుక్కులు మొదలిడుటకు ముందే యొకసారి జరిపించిన రైతునకు నాట్ల వేళ బండి నిలిచిపోవు భయము చాల వరకు తప్పును.