బిడ్డ చెప్పుకోగలిగే ఇల్లు



పదవ తరగతి ముగియగానే మన పిల్లల్లో ఎందరో ఇల్లు విడిచి విజయవాడ, హైదరాబాదు వంటి నగరాల్లోని రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో చేరుతున్నారు. పదిహేనేళ్ల వయసులో ఊరు, స్నేహితులు, కొందరికి బోధనా మాధ్యమం కూడా ఒకేసారి మారిపోతాయి. ఊరి బడిలో మొదటి స్థానంలో నిలిచిన బిడ్డ అక్కడ వారాంతపు పరీక్షలో వెనుకబడవచ్చు. ఈ మార్పును తట్టుకోవడానికి ఫీజు కట్టడం ఒక్కటే చాలదు.

"మేము అన్నీ కనిపెట్టి చూస్తూనే ఉన్నాం" అని చాలామంది అంటారు. కనిపెట్టి చూడడం అవసరమే. అయితే స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 14 ఏళ్ల పిల్లలు 703 మందిని, వారి తల్లిదండ్రులను పరిశీలించి 2000లో ఒక విషయం వెల్లడించారు. పిల్లల సంగతులు పెద్దలకు తెలిసేది ఎక్కువగా ఆరా తీయడం వల్ల కాదు, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల.

మరి మన ఇంట్లో బిడ్డ చెప్పుకోగలడా? మార్కులు తగ్గాయని ఒకసారి చెప్పినప్పుడు తిట్లు, పక్కింటి పిల్లలతో పోలికలు ఎదురైతే రెండోసారి దాచుతాడు. దాచడం అలవాటైన బిడ్డ అర్థం కాని పాఠాన్ని లెక్చరరును కూడా అడగడు. ఓడిపోయి వచ్చినా ఇంట్లో తన విలువ తగ్గదని తెలిసిన బిడ్డ సహాయం అడుగుతాడు. చదువులో కుదురుకోవడం అక్కడే మొదలవుతుంది.

తోడ్పాటు అంటే గారాబం కాదు. అమెరికా శాస్త్రవేత్త డయానా బౌమ్‌రిండ్ 1966లోనే ఈ తేడా వివరించారు. ఆప్యాయత, స్పష్టమైన నియమం, ఆ నియమానికి కారణం చెప్పే ఓపిక - ఈ మూడూ కలిసి ఉండాలి.

ఇంట్లో ఆచరించదగినవి:

1. ఫోనులో మొదటి మాట మార్కుల గురించి కాకుండా తిండి, నిద్ర, స్నేహితుల గురించి కానివ్వండి. చెప్పేది పూర్తయ్యే వరకు వినండి.

2. మార్కులు తగ్గితే "ఎందుకు తగ్గాయి?" అని గద్దించకుండా "ఏ పాఠం కష్టంగా ఉంది?" అని అడగండి. ఇంటర్ తప్పినవారికి అదే సంవత్సరం సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయని ఫలితాలకు ముందే ధైర్యం చెప్పండి.

3. తిండి, నిద్ర తగ్గినా, సెలవు ముగిసి తిరిగి వెళ్లే రోజున తరచు కడుపునొప్పి అన్నా నటన అని కొట్టిపారేయకండి. బ్రతకాలని లేదని అంటే ఒంటరిగా వదలకండి. వెంటనే వైద్యుని వద్దకు తీసుకెళ్లండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ-మానస్‌కు 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు.

కుటుంబంలో చర్చకు:

మన బిడ్డ చివరిసారిగా తన కష్టాన్ని మనతో ఎప్పుడు చెప్పుకున్నాడు? అప్పుడు మన నోట వచ్చిన మొదటి మాట ఏది? ఈ వారం భార్యాభర్తలిద్దరూ దీన్ని గుర్తు చేసుకోండి. తరువాత బిడ్డను కూడా అడగండి. ఆ జవాబును మధ్యలో ఆపకుండా వినడమే మీరు అందించే మొదటి తోడ్పాటు.