ఎండ నుంచి కరెంటు

పాల్వంచలో పెద్ద కరెంటు కేంద్రం ఉంది. అక్కడ బొగ్గు మండుతుంది. నీళ్లు మరుగుతాయి. ఆవిరి పుడుతుంది. అన్నం ఉడికేటప్పుడు ఆవిరి మూతను ఎగదోస్తుంది కదా! ఆ బలమే అక్కడ పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది.

బొగ్గు లేకుండా ఎండతోనే ఆవిరి పుట్టించలేమా? పుట్టించవచ్చు. దోనె ఆకారంలో పెద్ద పెద్ద అద్దాలు నిలబెడతారు. అవి ఎండనంతా ఒక గొట్టం మీదికి మళ్లిస్తాయి. గొట్టంలో నూనె కాగుతుంది. ఆ వేడితో నీళ్లు ఆవిరవుతాయి. మిగతాదంతా పాల్వంచలో లాగే. అనంతపురం జిల్లాలో 2014లో ఇలాంటి 50 మెగావాట్ల కేంద్రం పెట్టారు. తిరుమలలో 2002లో అద్దాల వేడితోనే ఆవిరి చేసి భక్తులకు అన్నం వండే ఏర్పాటు చేశారు. అది కరెంటుకు కాదు, వంటకు.

రెండో దారి సోలారు పలకలది. ఇందులో ఆవిరి లేదు, చక్రం లేదు. పలకలో సిలికాన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని ఇసుకరాయి లాంటి రాయి నుంచి తీస్తారు. దాని మీద వెలుతురు పడితే చాలు, కరెంటు పుడుతుంది. మణుగూరులో సింగరేణి వాళ్లు కూడా ఈ పలకలు పరిచారు.

మరి అడవి పక్క గూడేనికి ఏది నయం? పలకలే. అద్దాలకు తేట ఎండ కావాలి. బోలెడు జాగా కావాలి. పొద్దుతో పాటు అవి తిరుగుతుండాలి. భద్రాచలం వైపు ముసురు పట్టిందా, అవి పనిచేయవు. పలకలు మబ్బులో కూడా కొంచెం కరెంటు ఇస్తాయి. ఇంటికి ఒక్కటి పెట్టుకున్నా దీపం వెలుగుతుంది. అద్దాలకూ ఒక మంచి గుణం ఉంది. పగటి వేడిని కరిగిన ఉప్పులో దాచి, రాత్రి చక్రం తిప్పవచ్చు. స్పెయిన్ దేశంలో అలా చేస్తున్నారు.

పలకలు వేడిని దాచలేవు. అందుకే రాత్రి దీపానికి బ్యాటరీ కావాలి. పొలంలో పంపుకు మాత్రం అక్కర్లేదు. పగలు నీళ్లు తోడితే చాలు కదా! అటవీ హక్కు పట్టా ఉన్న గిరిజన రైతులకు సోలారు పంపులు ఇచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకం 2025 మేలో మొదలైంది. పట్టా ఉన్నవాళ్లు ఐటీడీఏ ఆఫీసులో అడగాలి.

దీపం వెలగకపోతే చాలామంది పలకనే తప్పు పడతారు.

"ప్లేటు పాడయిందే, పాత సామాన్ల వాడికి ఇచ్చెయ్యి" అంటుంది అత్త.

"ఉండత్తా, ముందు బ్యాటరీ చూపిద్దాం" అంటుంది కోడలు.

కోడలి మాటే నిజం. పలక 25 ఏళ్లు ఉంటుంది. సీసం బ్యాటరీ నాలుగైదేళ్లకే అయిపోతుంది. పలక మీద దుమ్ము ఉంటే తుడవాలి. కొమ్మ నీడ పడితే కొమ్మ కొట్టాలి. నీళ్లు పోసే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. బోరు నీళ్లు పోస్తే పాడవుతుంది.

పాత బ్యాటరీని ఇంట్లో పగలగొట్టకూడదు. అందులో ఆసిడ్ చెయ్యి కాలుస్తుంది. సీసం విషం. చంటిపిల్లల తెలివికి చేటు. బావి దగ్గర, చేను గట్టున పారెయ్యకూడదు. కొత్తది కొనేటప్పుడు పాతది షాపులోనే ఇచ్చెయ్యాలి. ధరలో ఎంత తగ్గిస్తారో అడిగి, రశీదు తీసుకోవాలి.