ముందు గంజి, తర్వాత రంగు

బొమ్మలు నేర్చుకుని వరంగల్‌లో పని వెతుక్కుంటున్నవాళ్లకు, బస్తీ జనంతో కలిసి తిండి గురించి బొమ్మలు వేసే పని చేతికొస్తే వదులుకోవద్దంటాను. కాకపోతే మొదటి రోజే బ్రష్షులు పంచకండి. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, గంజి పట్టించి దాని మీద బొమ్మ గీస్తారు. మీరూ గోడ జోలికి పోకుండా గుడ్డతో మొదలుపెట్టండి. బ్రష్ ముట్టడానికి జంకే అమ్మ అంబలి కాయడానికి జంకదు. పొయ్యి దగ్గర ఆమె చెప్తుంటే మీరు కలపండి. మాటలు అక్కడే మొదలవుతాయి.

"మీ సంప్రదాయ వంటలేంటి?" అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. "సద్దుల బతుకమ్మ నాడు మీ ఇంట్ల ఏం సద్ది కలుపుతరు? మలీదకు ఏ రొట్టె?" అని అడిగి చూడండి. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు పండుగ పేర్లలోనే ఉన్నాయి. తొమ్మిది గడుల బొమ్మకు అంతకంటే మంచి పథకం నాకు తోచదు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, నైవేద్యం ఉండదు. ఆ గడి ఖాళీగానే వదలండి.

ఈ పని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో మిర్చి రైతులతో చేయాలనుకుంటే, జెండా పాట (ధర తేల్చే వేలం), కాంటాలు అయ్యేదాకా రైతును కదిలించకండి. టమాటాలా ఉండే చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. ఆ ఎరుపు ఎంత ముదురుగా ఉండాలో కాయ పండించినవాళ్లనే అడగండి. మేలు కాయల పక్కన రంగు పోయిన తాలు కాయనూ వేయండి. రైతుకు ధర తగ్గేది దాని దగ్గరే.

ఇక డబ్బు. వచ్చే ఆడవాళ్లు బీడీల పనో, కూలో మానుకుని వస్తారు. వాళ్ల పూట కూలిని రంగుల ఖర్చు కంటే పైన, బడ్జెట్ మొదటి వరుసలో రాయండి. పని ఇచ్చినవాళ్లు దాన్ని కొట్టేయమంటే ఒప్పుకోకండి, బొమ్మ సైజు తగ్గించండి. గుడ్డ తర్వాత గోడ మీద వేసేటట్లయితే, ఆ గోడ ఎవరిదో తేల్చుకుని అనుమతి రాతలో తీసుకోండి. సంతకం చేసేచోట మీ పేరు ఒక్కటే కాదు, అంబలి కాచినవాళ్ల పేర్లూ వాళ్లు ఒప్పుకుంటే రాయండి. అక్షరాలు సరిచూసేది కూడా వాళ్లతోనే.