మెంటలిస్టు చేతిలో పేకకట్ట

షో అయ్యాక ఈవెంట్ మేనేజర్ క్లయింటు దగ్గర "మ్యాజిక్ బాగా చేశాడు సార్" అన్నాడంటే, మీ తర్వాతి బుకింగ్ రేటు అక్కడే తేలిపోయింది. మెంటలిస్టుగా పిలిపించుకున్న మనిషి మెజీషియన్‌గా గుర్తుండిపోవడానికి చాలాసార్లు కారణం పేకముక్కలే. అందుకని పేకను అసలు ముట్టుకోవద్దనే సలహా మన ఫీల్డులో తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. థియొడోర్ ఆనెమాన్ 1934 నుంచి 1941 దాకా నడిపిన 'జింక్స్' పత్రికలో పేక ఐటెమ్స్‌కు కొదవ లేదు. కోరిండా రాసిన '13 స్టెప్స్ టు మెంటలిజం' పుస్తకంలో పదో స్టెప్ మొత్తం పేకదే. 1950లలో బీబీసీలో పేరు తెచ్చుకున్న చాన్ కనస్టా చేతిలో ఎక్కువగా కనిపించింది కూడా మామూలు పేకకట్టే. తేడా వాడే తీరులో ఉంది.

పేక చూడగానే జనానికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: హస్తలాఘవం. "ఇలాంటివి మా బావ కూడా చేస్తాడు" అని పక్కవాడితో అనేస్తారు. ఆ మాట మీరే అనిపించకండి. ముక్కలు విసనకర్రలా పరచడం, గాల్లో జారవిడవడం, ఒంటిచేత్తో కట్ చేయడం మానేయండి. ఎన్నేళ్లు సాధన చేసినా సరే, ఈ షోలో ఆ నైపుణ్యం కనపడకూడదు. కలపడం ఎదుటివారికే వదిలేయండి. "ఏదైనా ఒక ముక్క తియ్యండి" అన్న క్షణాన మీరు మెజీషియన్ అయిపోయారు. "ఒక ముక్క మనసులో అనుకోండి" అంటే కథ వేరు.

ఒక కేసు చూద్దాం. ఐటీ కంపెనీ యాన్యువల్ డే, అరగంట స్లాట్, వెనక డిన్నర్ కౌంటర్లు తెరిచేశారు. మొదటి ఐటెమే పేకతో పెట్టి, ముందు వరుసలో ఉన్న హెచ్ఆర్ మేడమ్‌ను స్టేజీ మీదికి పిలిచారు.

"ఒక ముక్క అనుకోండి మేడమ్."

"నాకు పేక ఆడటం రాదండీ."

ఇక మీరు నాలుగు రంగులూ పదమూడు ముక్కలూ వివరిస్తూ నిలబడాలి. హాలు చేయి దాటిపోయినట్టే. స్టేజీ మీదికి పిలిచే ముందే "రమ్మీ ఆడేవాళ్లెవరు?" అని అడగండి, చేతులు బోలెడు లేస్తాయి. ఇంకో చిక్కు పేర్లతో. పెద్దవాళ్లు ఇస్పేటు, ఆఠీను, కళావరు అంటారు. కుర్రాళ్లు స్పేడ్స్, హార్ట్స్, క్లబ్స్ అంటారు. మైకులో ఒకరి మాట ఇంకొకరికి అందకపోతే క్లైమాక్స్ చప్పబడుతుంది. ముక్క పేరు పెద్దగా రాయించి హాలుకు చూపించండి. ఇలాంటి షోలో పేక ఒక్క ఐటెమ్‌కే పరిమితం, అదీ మధ్యలో. ముందు ఎవరో తలచుకున్న పేరో, పుస్తకంలో మాటో చెప్పి మీరెవరో స్థిరపడ్డాకే కట్ట బయటికి రావాలి.

కెమెరా సంగతి చాలామంది మరిచిపోతారు. పేకముక్క వెడల్పు రెండున్నర అంగుళాలు, వెనక వరుసకు కనపడదు కాబట్టి కెమెరామన్ మీ చేతుల మీదికి జూమ్ చేస్తాడు. ఎల్ఈడీ తెర నిండా మీ వేళ్లే. ఇంకేముంది, అందరూ వేళ్లనే అనుమానిస్తారు. ఆలోచిస్తున్న మనిషి ముఖం మీదే ఫ్రేమ్ పెట్టమని రిహార్సల్లోనే చెప్పండి.

మరి ఇంత తలనొప్పి ఎందుకంటే, పేకతో వచ్చే సౌకర్యం ఇంకోదానితో రాదు. మేనేజర్ ముందు ఉద్యోగిని తొలిప్రేమ పేరు తలచుకోమంటే నవ్వులు వస్తాయి, కానీ ఆ తర్వాత ఫిర్యాదు కూడా రావచ్చు. ఆఠీన్ ఏడు తలచుకుంటే ఎవరి పరువూ పోదు. పైగా 52లో ఒకటి అనే లెక్క ఎవరికీ వివరించక్కర్లేదు. డ్యూక్ యూనివర్సిటీ అతీంద్రియ శక్తుల పరిశోధనల కోసం 1930లలో తయారైన జెనర్ కార్డులు చాలామందికి ప్రత్యామ్నాయంగా కనిపిస్తాయి గానీ, ఐదే గుర్తులు కాబట్టి గుడ్డిగా చెప్పినా ఐదులో ఒకటి తగులుతుంది. అవి మన జనానికి కొత్త కూడా, కొత్త వస్తువంటే ముందు అనుమానమే.

కనస్టా దగ్గర నేర్చుకోవాల్సింది తప్పడం. ఆయన అప్పుడప్పుడూ గురి తప్పేవాడు, జనం ఇంకా నమ్మేవారు. వాళ్లు ఆఠీన్ ఏడు అనుకుంటే మీరు ఆఠీన్ ఎనిమిది అన్నారనుకోండి, ట్రిక్ అయితే అది ఫెయిలే. మెంటలిజంలో మాత్రం "దగ్గరికి వచ్చాడు" అంటారు. అయితే షో మొత్తానికి ఒక్కసారే, చివరి ఐటెమ్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

బుకింగ్ కన్ఫర్మ్ చేసేటప్పుడు పేక వాడుతున్నామని వాట్సాప్‌లో ఒక లైను రాసి పెట్టండి. పేక అంటే చాలామందికి జూదమే గుర్తొస్తుంది: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. పేకాట రాయుళ్ల అరెస్టులు పేపర్లో మామూలే. కాలేజీ, ఆలయ ట్రస్టు, ప్రభుత్వ కార్యక్రమాల్లో స్టేజీ మీద పేకకట్ట కనిపిస్తే ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు. అక్కడ అడగకుండానే తీసేయండి.

డిన్నర్ దగ్గర ఇంకో ఒత్తిడి ఉంటుంది. డైరెక్టర్ గారి అబ్బాయి పేకకట్ట పట్టుకొచ్చి "ఒక్క ట్రిక్ అంకుల్" అంటాడు. కట్ట తీసుకోకండి. పిల్లాణ్ని ఒక అంకె అనుకోమని, దానితో ఏదైనా చేసి పంపించండి.