విడికథలు, ఒకే దారం

ఉర్దూ విద్యార్థికి గజల్, తెలుగు విద్యార్థికి శతకం చిరపరిచితాలు. గజల్‌లో ప్రతి షేర్ అర్థంలో స్వతంత్రమైనది. రదీఫ్, కాఫియాలు వాటిని ఒకటిగా కూర్చుతాయి. శతకంలో ప్రతి పద్యమూ ముక్తకమే. మకుటం వాటిని కలుపుతుంది. టెలివిజన్‌లో ఆంథాలజీ సిరీస్ అని వ్యవహరింపబడే విడికథల మాలిక నిర్మాణం కూడ ఇట్టిదే.

దీనిని ధారావాహిక నుండి వేరుచేసి చూడవలెను. మన పల్నాట కారంపూడిలో కార్తీక అమావాస్యనాడు ఆరంభమయ్యే వీరుల ఉత్సవాలు అయిదు దినాలు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. దినానికొక పేరున్నను కథ ఒక్కటే. కోడిపందెంలో బ్రహ్మనాయుని పక్షం ఓడిన సంగతి తెలియనివానికి రాయబారం బోధపడదు. ఇది ధారావాహిక లక్షణం. విడికథల మాలికలో ఏ భాగాన్ని ముందు చూచినను లోపముండదు.

అట్లయిన ఈ కథలను కలిపే దారమేది? అది ముఖ్యంగా మూడు విధాలు. మొదటిది వ్యాఖ్యాత. 1959లో అమెరికాలో ఆరంభమైన ‘ట్విలైట్ జోన్’కు రాడ్ సెర్లింగ్ పరిచయ వాక్యాలే దారం. రెండవది చట్రకథ. అలిఫ్ లైలాలో షహర్‌జాద్ వలె, 1985లో దూరదర్శన్ ప్రసారం చేసిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’లో బేతాళుడు ప్రతి కథనూ ప్రశ్నతో ముగించును. మూడవది విషయమో, స్థలమో. 2021లో నలుగురు దర్శకులు తీసిన ‘పిట్ట కథలు’ స్త్రీల జీవితాలను, 2022 నాటి ‘మోడరన్ లవ్ హైదరాబాద్’లోని ఆరు కథలు ప్రేమను, నగరాన్ని దారంగా గ్రహించినవి.

ఈ ప్రక్రియలో రచయితకు గొప్ప బాధ్యత కలదు. ధారావాహికలో ఒక పాత్రను నేడు పొరపాటుగా చిత్రించినను మరొక భాగంలో సవరించుకొనవచ్చును. విడికథలో పాత్రకు రెండవ అవకాశం లేదు. టోపీనో బురఖానో చూపి అంతటితో మనిషిని చూపితిననుకొన్న రచయిత, ఆ మనిషికి శాశ్వతంగా అన్యాయం చేసినవాడగును. ‘మోడరన్ లవ్ హైదరాబాద్’లో నగేశ్ కుకునూర్ దర్శకత్వం వహించిన మొదటి కథ ఇందుకు భిన్నమైనది. మతాంతర వివాహం చేసుకొన్న కూతురికి దూరమైన తల్లి, లాక్‌డౌన్ కారణంగా ఆమె ఇంటనే ఉండిపోవలసి వచ్చును. రేవతి, నిత్యా మేనన్ ధరించిన ఆ పాత్రలు ముస్లిం స్త్రీలు. అంతకు మించి అలిగిన తల్లి, అభిమానవతియైన కూతురు. ఏ ఇంటివారైనను వారిని గుర్తుపట్టగలరు.

రెండు భాషల రచనలను ఒకే అట్టలో కూర్చిన ఈ వార్షిక సంచిక కూడ ఒక విడికథల మాలికయే. ఇందులో కథ వ్రాయదలచిన విద్యార్థులు ఒక్క నియమం పాటింతురు గాక: దారం ఎంత గట్టిదైనను, ప్రతి పూవూ తనంతట తాను వికసించి ఉండవలెను.